నిశ్చితార్థం, రిసెప్షన్, షష్టిపూర్తి: ఏ ఘట్టానికి ఏ పాట పెట్టాలి?

కొత్తచిగురు
అందరికీ నమస్కారం. మా ఇంట్లో పెళ్ళి. పాటల బాధ్యత నా మీద పెట్టారు. నిశ్చితార్థం మేడ మీద, 60 మంది. రిసెప్షన్ ఏసీ హాల్లో, 350 మంది. హాలు గుమ్మం నుంచి స్టేజీకి 25 మీటర్లు ఉంటుంది. అమ్మాయిది రాజమండ్రి, అబ్బాయిది మధురైలో తమిళ కుటుంబం. ఉంగరాలు మార్చుకునేటప్పుడు ఒక పాట, రిసెప్షన్‌లో ఇద్దరూ నడిచి వచ్చేటప్పుడు ఒకటి, ఇద్దరూ కలిసి నెమ్మదిగా చేసే డాన్సుకు ఒకటి కావాలి. నేను రాసుకున్నవి: ఓ ప్రియా ప్రియా, నా చెలి రోజావే, ఇంకేం ఇంకేం కావాలే, కన్నుల్లో నీ రూపమే. వీటిలో పనికిరానివి ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

రెండో_చరణం
మొదటి రెండూ తీసేయండి. రెండూ గొప్ప పాటలే, కానీ మీ సందర్భానికి సరిపడవు.

'గీతాంజలి' (1989)లో 'ఓ ప్రియా ప్రియా' పల్లవిలోనే గాలిమేడలు, రాలిపోయే పూలు ఉన్నాయి. నీ లోకం వేరు, నా లోకం వేరు, నింగీ నేలా కలిసేదెలా అని బాధపడే పాట అది. ట్యూను తియ్యగా ఉంటుంది కనుక ఆ మాటలు చెవి దాటి లోపలికి వెళ్ళవు. ఉంగరం తొడిగే నిమిషంలో చుట్టూ నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు మాత్రం ప్రతి మాటా వినిపిస్తుంది. 'రోజా' (1992)లో 'నా చెలి రోజావే' కూడా ఎడబాటు పాటే. భార్యకు దూరమై బందీగా ఉన్నవాడు పాడుకునేది. అందులో కన్నీళ్ళున్నాయి. అదే సినిమాలోని 'పరువం వానగా' పెట్టండి. కలిసి ఉన్న ఇద్దరి పాట, ఆడగొంతు, మగగొంతు రెండూ ఉన్నాయి.

పాట ఎంచేటప్పుడు నేను చూసేవి మూడు. ఎవరు ఎవరికి పాడుతున్నారు? ఆ మనిషి ఎదురుగా ఉన్నాడా, లేడా? ఆఖరి చరణం ఎక్కడికి వెళ్ళి ఆగుతుంది? చాలామంది పల్లవి దగ్గరే ఆగిపోతారు. మన సినిమా పాటలో పల్లవి ఊరిస్తుంది, అసలు సంగతి చరణంలో చెబుతుంది. 'గోదావరి' (2006)లో 'మనసా వాచా' తీసుకోండి. మొదటి రెండు పాదాలు పెళ్ళిపత్రిక మీద అచ్చు వేసుకునేలా ఉంటాయి. ఆ వెంటనే, ఆ మాట దాచుకున్నానని వస్తుంది. చెప్పలేకపోయిన ప్రేమ అది. 'నిన్ను కోరి' (2017)లో 'అడిగా అడిగా' అంతే, చెలి ఏదీ అని వెతుక్కునే పాట. 'ఎక్కడ ఉన్నా ఏమైనా' ఇంకా ప్రమాదం. నీ సుఖమే నే కోరుతున్నా అన్న ముక్క ఒక్కటే గుర్తుండి వార్షికోత్సవాలకు పెడుతుంటారు. ఎవరి దారిన వాళ్ళం విడిపోయినా నువ్వు బాగుండాలి అని చెప్పి వెళ్ళిపోతున్నవాడి పాట అది.

'పాడుతా తీయగా' గురించి కూడా ఒక మాట. 'మూగ మనసులు' (1964)లో ఘంటసాల గొంతులో ఆ పాట వింటుంటే ప్రాణం లేచి వస్తుంది. కానీ అది ఓదార్చి నిద్రపుచ్చే పాట. చరణంలో పోయినవాళ్ళ తలపు ఉంది. పెళ్ళిలో వద్దు.

మీ లిస్టులో మిగిలిన రెండూ బాగున్నాయి. 'కన్నుల్లో నీ రూపమే' ('నిన్నే పెళ్ళాడతా', 1996) సిగ్గూ తడబాటూ ఉన్న యుగళగీతం కనుక నిశ్చితార్థానికి అతికినట్టు సరిపోతుంది. 'ఇంకేం ఇంకేం కావాలే' ('గీత గోవిందం', 2018) మగగొంతు ఒక్కటే, అమ్మాయిని చూసి మురిసిపోయే పాట. నడకకు పెట్టుకోండి.

మబ్బుతునక
సినిమాలో సందర్భం ఏదైతే ఏముందండీ? విన్నవాళ్ళకు ఎవరి జ్ఞాపకం వాళ్ళకుంటుంది. 'ఓ ప్రియా ప్రియా' మీద ఇష్టంతోనే దగ్గరైన జంట ఉంటే వాళ్ళకు అదే సరైన పాట కదా.

రెండో_చరణం
మబ్బుతునక గారూ, సందర్భం సంగతిలో మీతో ఏకీభవిస్తాను. మాటలు బాగుంటే సినిమా కథ ఎలా ముగిసిందన్నది ఎవరూ చూడక్కర్లేదు. నేను మాటల గురించే చెబుతున్నాను. ఆ ఇద్దరికీ ఇష్టమైన పాటైతే కారులో ప్రయాణంలోనో, ఇద్దరే భోంచేస్తున్నప్పుడో వినాలి. 350 మంది ముందు పెట్టే పాట ఆ 350 మందికీ ఒకే సంగతి చెప్పాలి. ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్ళు పాట మాటలు శ్రద్ధగా వింటారు. మధ్యేమార్గం ఒకటుంది: అదే ట్యూను ఫ్లూటు మీదో వీణ మీదో పెట్టించండి. జంటకు పాట అందుతుంది, సభకు మాటలు వినపడవు.

సౌండుపెట్టె
నడక పాట లెక్క చెబుతాను. మామూలు మనిషి సెకనుకు 1.2, 1.3 మీటర్లు నడుస్తాడు. పట్టుచీర, బరువు నగలు, చేతిలో చెయ్యి, ఎదురుగా వెనక్కి నడుస్తున్న ఫొటోగ్రాఫరు. అప్పుడు వేగం సగానికి పడిపోతుంది. 25 మీటర్లకు 45 సెకన్లు అనుకోండి. మధ్యలో రెండుచోట్ల ఆగి ఫొటోలకు నిలబడితే 75 నుంచి 80 సెకన్లు. మీకు కావలసిన పాట ముక్క 90 సెకన్లు. పది సెకన్లు చేతిలో ఉంచుకోవాలి.

ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు. పాటను మొదటి సెకను నుంచి పెడతారు. మన పాటల్లో ముందు వాద్యాలు 20 సెకన్ల నుంచి ఒక్కోసారి 40 సెకన్లు ఉంటాయి. జంట సగం దూరం వచ్చాక గానీ గొంతు మొదలవదు. పల్లవి రెండో పాదం అందుకునేలోపు స్టేజీ ఎక్కేస్తారు, అక్కడ డీజే టక్కున ఆపేస్తాడు. అలా కాకుండా ఆడాసిటీలో (పాటలు కోసి అతికే ఉచిత సాఫ్ట్‌వేర్) పాట తెరిచి ఇలా చేయండి.

పల్లవి మొదటి అక్షరానికి 6 నుంచి 8 సెకన్ల ముందు కోయండి. ఆ కోత దగ్గర ఒక సెకను ఫేడ్ ఇన్ (శబ్దం మెల్లగా పెరగడం). పల్లవి మొత్తం, దాని తర్వాతి వాద్యాల్లో కొంత ఉంచండి. 90 సెకన్ల దగ్గర కాదు, ఆ దరిదాపుల్లో పాదం ఎక్కడ పూర్తయిందో అక్కడ 4 సెకన్ల ఫేడ్ అవుట్ (మెల్లగా తగ్గడం). మాట మధ్యలో కోస్తే గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది. కోసే చోట బాగా దగ్గరికి జూమ్ చేసి, అల మధ్యగీతను తాకే బిందువు దగ్గర కోయండి. లేకపోతే స్పీకర్లో 'టప్' మని చప్పుడు వస్తుంది. ఇంట్లో చిన్న స్పీకర్లో అది తెలియదు, హాల్లో 15 అంగుళాల స్పీకర్లో అందరికీ తెలుస్తుంది.

ఫైలు వేవ్ రూపంలో, లేదా 320 కేబీపీఎస్ ఎంపీ3గా దాచండి. స్టేటస్ వీడియోల నుంచి తీసిన ఆడియో ససేమిరా వద్దు. అప్పటికే రెండు మూడుసార్లు నలిగి ఉంటుంది, పెద్ద స్పీకర్లో తాళాలూ గజ్జెలూ ఇసుక రాలినట్టు గరగరమంటాయి. డీజేకి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరు '01_నడక_90సె', '02_ఉంగరం_3ని' అన్నట్టు పెట్టండి. 'ఫైనల్ ఫైనల్ 2' అని పంపితే ఆ హడావుడిలో ఏది పెట్టాలో వాళ్ళకు తెలియదు.

కొత్తచిగురు
చాలా ఉపయోగపడింది. ఉంగరాల పాటకు ఎంత నిడివి ఉండాలి?

సౌండుపెట్టె
ఉంగరాలు తొడగడానికి అర నిమిషం చాలు. కానీ ఆ వెంటనే దండలు, అక్షింతలు, పెద్దవాళ్ళకు నమస్కారాలు. అంతా కలిపి 3 నుంచి 4 నిమిషాలు. పాట పూర్తిగా పెట్టండి, కోయొద్దు. వాల్యూము మాత్రం పురోహితుడి గొంతు కంటే బాగా కింద. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి, అదే కొలత. సబ్ ఊఫరు ఆపేయండి. మేడ మీద 60 మందికి 10 లేదా 12 అంగుళాల స్పీకర్లు రెండు చాలు.

డోలుసన్నాయి
పెళ్ళి తంతు గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పాల్సిన సంగతి. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, మంగళసూత్రధారణ, ఈ రెండింటి దగ్గరా స్పీకర్ పాట పెట్టొద్దు. అక్కడ మోగాల్సింది గట్టిమేళం. అడ్డుతెర దించగానే డోలు దరువు ఒక్కసారిగా పెరుగుతుంది, సన్నాయి పైస్థాయికి వెళుతుంది, అక్షింతలు పడతాయి. ఆ మోత వెనక పెద్దవాళ్ళు చెప్పే కారణం, తుమ్ములూ అపశబ్దాలూ ఆ క్షణంలో వినపడకూడదని. ఇప్పుడు కొందరు అదే సమయానికి డీజేతో ప్రేమపాట పెట్టిస్తున్నారు. డోలు ఒక లయలో, పాట ఇంకో లయలో, శ్రుతి ఎక్కడా కలవదు. వీడియోలో ఆ రెండు నిమిషాలూ వినలేం.

మేళం ఉన్న పెళ్ళిలో ప్రేమపాట కావాలంటే మేళం వాళ్ళ చేతే వాయించండి. వారం ముందు చెప్పాలి, పాట ఫోన్‌లో పంపాలి. సన్నాయి మీద బాగా పలికేవి రాగం తేటగా ఉన్న పాటలు. 'మాయాబజార్' (1957)లోని 'లాహిరి లాహిరి' మోహన రాగం. ఐదే స్వరాలు, స రి గ ప ద. సన్నాయి మీద వెన్నలా జారుతుంది. వధువును మేనమామ బుట్టలో కూర్చోబెట్టి తెచ్చే సమయానికి సరిగ్గా సరిపోతుంది. 'సీతారామ కళ్యాణం' (1961)లోని 'సీతారాముల కళ్యాణం చూతము రారండి' మేళం వాళ్ళందరికీ వచ్చు, చెప్పకపోయినా వాయిస్తారు.

తలంబ్రాలకు అన్నమయ్య 'పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు' కంటే మంచి ప్రేమపాట నాకు తెలియదు. పిడికిట్లో తలంబ్రాలు పట్టుకుని, అటు తిరిగి నవ్వుకుంటున్న అమ్మాయి బొమ్మ అది. మీ ఎదురుగా అదే జరుగుతూ ఉంటుంది. ఇంట్లో పాడగలిగే ఆడవాళ్ళుంటే ఇద్దరి చేత, మైకు లేకుండా పాడించండి. మండపం దగ్గర కూర్చున్నవాళ్ళకు వినిపిస్తే చాలు.

శ్రుతిపెట్టె
డోలుసన్నాయి గారి మాటకు చిన్న చేర్పు. రిసెప్షన్‌లో భోజనాల వేళ అన్నమయ్య శృంగార కీర్తనలు పెట్టే అలవాటు పెరిగింది. 'ఏమొకో చిగురుటధరమున' అందరికీ ఇష్టం. అందులో ఒక చరణంలో, ప్రాణేశ్వరుడి మీద నాటిన చూపులను పెరికితే అంటిన నెత్తురేమో ఆ కంటికొసల ఎరుపు అంటాడు. కవిత్వంగా ఎంత ఎత్తు! అర్థం తెలిసి వినేవాళ్ళకు ఇవ్వాల్సిన కీర్తన అది, విస్తరి ముందు కాదు. భోజనాలకు ఫ్లూటు మీద వాయించినది పెట్టండి.

చెన్నపట్నం
అబ్బాయిది తమిళ కుటుంబమన్న సంగతి ఇంకా ఎవరూ పట్టించుకోలేదు. రెండు భాషల్లోనూ ఒకే ట్యూనుతో ఉన్న పాటలు ఎంచుకుంటే రెండువైపుల వాళ్ళూ తమ పాటే అనుకుంటారు. ఖాయంగా పనికొచ్చేవి చెబుతాను.

పైన వచ్చిన 'పరువం వానగా' తమిళంలో 'పుదు వెళ్ళై మళై'. తెలుగులో బాలు, సుజాత. తమిళంలో ఉన్ని మీనన్, సుజాత. ఆడగొంతు రెండింటిలోనూ ఒకటే కనుక అతికినా చెవికి తేడా పెద్దగా తెలియదు.

'సీతాకోకచిలుక' (1981)లో 'మాటే మంత్రము' తమిళ 'అలైగళ్ ఓయ్‌వదిల్లై'లో 'కాదల్ ఓవియం'. రెండు సినిమాలూ భారతిరాజావే, సంగీతం ఇళయరాజా. శతమానం భవతి అన్న ఆశీర్వచనంతో మొదలవుతుంది కనుక ఎవరికీ అభ్యంతరం రాదు. పల్లవిలోనే కళ్యాణం మాట ఉంది. మీ ఉంగరాల ఘట్టానికి నా ఓటు దీనికే.

'ఏమాయ చేసావే' (2010), 'విణ్ణైత్తాండి వరువాయా' ఒకే ఏడాది వచ్చాయి. 'ఈ హృదయం', 'హోసన్నా' ఒకే ట్యూను. ఊపున్న పాట, నెమ్మది డాన్సుకు కాదు, స్టేజీ మీద కుర్రాళ్ళకు.

అతికే పద్ధతి: తెలుగు పల్లవి, మొదటి చరణం, ఆపైన వాద్యాల దగ్గర తమిళ రికార్డుకు మారి రెండో చరణం, చివర తెలుగు పల్లవి. గొంతు ఉన్నచోట మార్చకండి, వాద్యాల నడుమే మార్చాలి. ముందు రెండు ఫైళ్ళ వేగం ఒకటేనా చూసుకోండి. క్యాసెట్టు నుంచి ఎక్కించిన ఫైళ్ళలో వేగం ఒకటి రెండు శాతం తేడా ఉంటుంది. వేగంతో పాటు శ్రుతీ జారి, అతుకు దగ్గర పాట ఒక్కసారిగా కిందకు దిగినట్టో పైకి ఎక్కినట్టో ఉంటుంది. రెండూ ఒకే సంస్థ అధికారికంగా విడుదల చేసిన డిజిటల్ ఫైళ్ళు తీసుకుంటే ఆ బెడద చాలావరకు ఉండదు.

తిశ్రగతి
సంగీత్ మెడ్లీల (డాన్సు కోసం పాటల ముక్కలు వరసగా అతికినవి) సంగతి కూడా ఇక్కడే చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మొత్తం 3 నిమిషాలు మించొద్దు. నాలుగు పాటలు, ఒక్కోటి 40 నుంచి 45 సెకన్లు. అతుకు చెడేది వేగం వల్ల కంటే తాళం నడక వల్ల. ఒక పాట తిశ్రంలో (మూడు, ఆరు దెబ్బలు), తర్వాతిది చతురశ్రంలో (నాలుగు దెబ్బలు) ఉంటే ఎంత శుభ్రంగా కోసినా కాలు తడబడుతుంది. ఆ రెండింటి మధ్య రెండు దెబ్బల నిశ్శబ్దమో, ఒక చప్పట్ల మోతో పెట్టండి. శరీరం కొత్త లయను అందుకోవడానికి ఆ ఖాళీ కావాలి. ఒకే నడకలో ఉన్న పాటలైతే వేగం తేడా 5, 6 శాతం దాకా సాగదీసి కలపొచ్చు. అంతకు మించితే గొంతు మారినట్టు తెలిసిపోతుంది.

జంట నెమ్మది డాన్సుకు నిమిషానికి 65 నుంచి 80 దెబ్బల పాట. అంతకంటే నెమ్మదైతే డాన్సు రానివాళ్ళకు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతారు. రెండు నిమిషాలు దాటించకండి. చూసేవాళ్ళకు విసుగు రావడం కాదు సమస్య, అలవాటు లేనివాళ్ళకు తర్వాతి అడుగు మిగలదు.

నీలికలం
కొంచెం వేరే ప్రశ్న. పెళ్ళి కాదు, అసలు మనసులో మాట చెప్పేటప్పుడు వెనక పాట పెట్టాలంటే? ఇంట్లోనే, ఇద్దరే, ఫోను ఒకటే ఉంది.

రెండో_చరణం
మాట చెప్పేటప్పుడు మాటలున్న పాట పెట్టకండి. మీ తెలుగూ పాటలోని తెలుగూ ఒకే చెవిలోకి పోటీపడి వెళతాయి, ఎదుటి మనిషి రెంటిలో ఒకటే వినగలరు. వాద్యసంగీతం పెట్టండి. మీరు చెప్పడం అయ్యాక పాట. అప్పుడు ఏ పాటైనా మీ మాటకు కొనసాగింపు అవుతుంది. 'కన్నెవయసు' (1973)లో దాశరథి రాసిన 'ఏ దివిలో విరిసిన పారిజాతమో' ఆ చోటికి బాగుంటుంది. నువ్వు కావాలి అని అడగదు, నువ్వు ఎంత అపురూపమో చెబుతుంది. అవునని గానీ కాదని గానీ వెంటనే చెప్పమని ఒత్తిడి పెట్టని పాట కావాలి అక్కడ. ఇప్పటి పాటల్లో 'ఊహలు గుసగుసలాడే' (2014)లోని 'ఏం సందేహం లేదు' అలాంటిదే, తేలిగ్గా ఉంటుంది.

'జాబిల్లి కోసం ఆకాశమల్లే' మాత్రం ఆ రోజు వద్దు, దాచిపెట్టండి. అది ఎదురుచూపుల పాట. దూరంగా ఉన్నప్పుడు, వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నప్పుడు పంపుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదు.

సౌండుపెట్టె
ఫోను జాగ్రత్తలు. యూట్యూబ్‌లో నేరుగా పెట్టకండి, మధ్యలో ప్రకటన వస్తుంది. ఏ యాప్ అయినా పాట ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆటోప్లే ఆపేయండి, లేకపోతే పాట అయిపోగానే అది తనకు తోచిన పాట ఎత్తుకుంటుంది, అది విరహగీతం కావచ్చు. క్రాస్‌ఫేడ్ (ఒక పాట ముగియకముందే తర్వాతిది కలిసి రావడం) ఆపండి. ఫ్లైట్ మోడ్ పెట్టి, బ్లూటూత్ స్పీకర్ వాడేట్టయితే బ్లూటూత్ ఒక్కటీ మళ్ళీ ఆన్ చేయండి. స్పీకర్ లేకపోతే ఫోనును ఖాళీ స్టీలు గిన్నెలో పెట్టకండి, గట్టిగా వస్తుంది కానీ మోత డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. చెక్కబల్ల మీద, గోడకు ఒక జానెడు దూరంలో, స్పీకరు రంధ్రాలు గోడవైపు ఉండేలా పెడితే శబ్దం మెత్తగా గదంతా పరుచుకుంటుంది.

మబ్బుతునక
గొడవ పడ్డాక పాట లింకు పంపడం మీద మీ అభిప్రాయం?

రెండో_చరణం
క్షమించమని ముందు మాటల్లో చెప్పాలి, ఏ తప్పుకో పేరు పెట్టి చెప్పాలి. పాట ఆ తర్వాత. లింకు ఒక్కటే పంపితే అందులో ఏ పాదం తనకు ఉద్దేశించారో అవతలి మనిషి వెతుక్కోవాలి. కోపంలో ఉన్నప్పుడు తప్పు పాదమే కంటబడుతుంది.

నల్లకోటు
చట్టం సంగతులు రెండు, రెండూ పెళ్ళివాళ్ళు అడిగేవే.

ఒకటి. హోటలో, ఫంక్షన్ హాలో పాటల లైసెన్సు తెమ్మని అడిగితే కంగారు పడకండి. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) ప్రకారం మతపరమైన వేడుకల్లో పాటలు వాయించడం, వినిపించడం ఉల్లంఘన కాదు. ఊరేగింపూ, పెళ్ళికి సంబంధించిన ఇతర సంబరాలూ అందులోకే వస్తాయని అక్కడి వివరణలోనే ఉంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వ శాఖ బహిరంగ ప్రకటన ద్వారా ఇదే గుర్తుచేసింది. అయితే ఆ మినహాయింపు వేడుక వరకే. పెళ్ళి వీడియోలో పాట కలిపి యూట్యూబ్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టడం దీని కిందకు రాదు. అక్కడ పాట హక్కుదారుడు వీడియోను మ్యూట్ చేయించవచ్చు, దాని మీద వచ్చే ప్రకటనల ఆదాయం తీసుకోవచ్చు. వీడియోగ్రాఫరుతో ముందే మాట్లాడి, నెట్‌లో పెట్టే కాపీకి హక్కులు కొన్న సంగీతం, ఇంట్లో చూసుకునే కాపీకి సినిమా పాటలు, రెండు రకాలుగా చేయించుకోండి.

రెండు. మీ నిశ్చితార్థం మేడ మీద కదా. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట స్పీకర్లు పెట్టకూడదు. పగలు కూడా లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. అంటే మేడ మీద స్పీకర్లు వీధివైపు కాదు, లోపలివైపు తిప్పి, నేలకు కాస్త వంచి పెట్టాలి. చివరి పాట 9:30కి ముగిసేలా వేసుకోండి.

సౌండుపెట్టె
నల్లకోటు గారు చెప్పినట్టు స్పీకర్ వంచడం శబ్దానికీ మంచిదే. నిటారుగా పెడితే ఆ శబ్దమంతా ఎదురింటి గోడకు తగిలి తిరిగొచ్చి మాటలు అలుక్కుపోతాయి.

ఇంటిదీపం
మా అత్తామామల షష్టిపూర్తికి పాటలు చూస్తున్నాను. ఈ చర్చ చూసి ఆగాను. పాత పాటలు పెద్ద స్పీకర్లో చిన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తాయంటారు. ఏం చేయాలి?

పాతరికార్డు
పాట ముందు చెబుతాను. 'పూజ' (1975)లో 'ఎన్నెన్నో జన్మల బంధం', బాలు, వాణీజయరాం. అరవై ఏళ్ళ మనిషి మెడలో దండ వేస్తున్నప్పుడు ఆ పల్లవి వింటే వేరే మాటలు అక్కర్లేదు. పాతికేళ్ళ జంటకు పెడితే అది ఆశ. వీళ్ళకు పెడితే సాక్ష్యం. 'పెళ్ళి పుస్తకం' (1991)లో ఆరుద్ర రాసిన 'శ్రీరస్తు శుభమస్తు' దండల ఘట్టానికి కాకుండా, పాత పెళ్ళిఫొటోలు తెర మీద చూపేటప్పుడు పెట్టండి. పెళ్ళిని పుస్తకంగా చెప్పిన పాట కనుక ఒక్కో పేజీకి ఒక్కో ఫొటో తిప్పినట్టుంటుంది. ఫొటోకు 5 సెకన్లు. నాలుగు నిమిషాల పాటకు 48 ఫొటోలు, అంతకు మించి ఇరికించకండి. నలుపు తెలుపు ఫొటోలకు 7 సెకన్లు ఇవ్వండి. జనం అందులో మొహాలు వెతుక్కుంటారు, పేర్లు పక్కవాళ్ళకు చెబుతారు.

ఇక శబ్దం. పాత పాటలు చాలావరకు మోనో, మందం తక్కువ. కొత్త పాటలు గట్టిగా నొక్కి తయారుచేసినవి. రెండూ ఒకే లిస్టులో ఉంటే పాతది వినపడక డీజే వాల్యూము పెంచుతాడు, వెంటనే వచ్చే కొత్త పాట చెవులు చిల్లులు పొడుస్తుంది. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అని ఉంటుంది. అన్ని పాటలకూ ఒకే అంకె, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), పెట్టి ఎగుమతి చేయండి. ఆ తర్వాత పాత పాటలను ఒకసారి చెవితో విని, అల కొసలు తెగి చిటపటమంటుంటే మైనస్ 16కి దించండి. మిక్సర్ మీద బాస్ పెంచొద్దు. ఆ రికార్డుల్లో అడుగు శబ్దం లేదు, లేనిదాన్ని పెంచితే గుమగుమ మాత్రమే వస్తుంది. గొంతు వినపడే మధ్యస్థాయిని కొద్దిగా ఎత్తితే చాలు.

కొత్తగా దరువులు కలిపిన 'రీమిక్స్' కాపీలు నెట్‌లో ముందు కనబడతాయి. నిడివి చూసుకుని, మొదటి నిమిషం విని దించుకోండి.

శ్రుతిపెట్టె
షష్టిపూర్తిలో మామగారి చేత అత్తగారికి ఒక పల్లవి పాడిస్తే ఇంకా బాగుంటుంది. కరావోకే ట్రాకు శ్రుతి బాలు గారి గొంతుకు ఉంటుంది, అరవై ఏళ్ళ గొంతుకు అందదు. రెండు నుంచి మూడు అరస్వరాలు కిందకు దించండి. అంతకు మించి దించితే తబలా పిండి కొట్టినట్టు మొద్దుగా మోగుతుంది. మైకు నోటికి రెండు వేళ్ళ దూరం. స్పీకర్ల ముందుకు వచ్చి నిలబడకూడదు, కూత పెడుతుంది. ఎకో చాలా తక్కువ. ఎకో ఎక్కువైతే తన గొంతు ఆలస్యంగా వినిపించి లయ జారుతుంది. పల్లవి ఒక్కటే చాలు, 40 సెకన్లు. అక్కడి నుంచి అసలు పాట అందుకునేలా డీజేకి చెప్పండి.

కొత్తచిగురు
అందరికీ కృతజ్ఞతలు. లిస్టు మార్చాను. మేడ మీద అతిథులు వచ్చేటప్పుడు 'కన్నుల్లో నీ రూపమే'. ఉంగరాలకు 'మాటే మంత్రము' పూర్తిగా. హాల్లో నడకకు 'ఇంకేం ఇంకేం కావాలే' 90 సెకన్ల ముక్క. డాన్సుకు 'పరువం వానగా', తెలుగు తమిళం అతికి. బుట్టకు సన్నాయి మీద 'లాహిరి'. పాటలన్నీ నా ల్యాప్‌టాప్ నుంచే వెళతాయి. ఇంకేమైనా తప్పుందా?

చెన్నపట్నం
డాన్సు పాట అతికాక రెండు నిమిషాలకు ఒదగదు. తెలుగు పల్లవి, తమిళ చరణం ఒకటి, మళ్ళీ తెలుగు పల్లవి. అంతే ఉంచండి.

సౌండుపెట్టె
ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి మిక్సర్‌కు కలిపితే గుయ్‌మని మోత రావచ్చు. ఛార్జర్ పీకి చూడండి, మోత ఆగితే కారణం అదే. బ్యాటరీ నిండా పెట్టుకుని వెళ్ళండి, లేదా డీఐ బాక్సు (ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య పెట్టి ఆ మోతను ఆపే చిన్న పెట్టె) తెమ్మని సౌండు వాళ్ళకు చెప్పండి. కేబుల్ ఒకవైపు ఆక్స్ పిన్ను, రెండోవైపు రెండు పీ38 పిన్నులు (మిక్సర్‌లో పట్టే లావు పిన్నులు) ఉన్నది, కనీసం 3 మీటర్లు, మీదే ఒకటి ఉంచుకోండి. నోటిఫికేషన్ శబ్దాలు ఆపేయండి. అవే ఫైళ్ళు ఒక పెన్‌డ్రైవ్‌లో, ఒక ఫోన్‌లో కూడా ఉండాలి. జనం రాకముందు, హాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి పెట్టి వినండి. జనం నిండాక బట్టలూ మనుషులూ శబ్దాన్ని పీల్చేస్తారు కనుక ఖాళీ హాల్లో కాస్త ఎక్కువ అనిపించిన వాల్యూమే అప్పటికి సరిపోతుంది.

డోలుసన్నాయి
మేళం వాళ్ళకు 'లాహిరి' ఏ స్వరం నుంచి ఎత్తుకోవాలో చెప్పనక్కర్లేదు, సన్నాయి శ్రుతి వాళ్ళదే. బుట్ట గదిలోంచి ఎప్పుడు కదులుతుందో సైగ చేయడానికి మాత్రం ఒక మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టండి.